పాఠం 18: ఆండ్రోమెడా గెలాక్సీలో రేడియో జనకాలు – పటం, జాబితా

18.0 పరిచయం

చీకటి పడ్డాక ఆస్టినాబాద్ నుంచి బయలుదేరి, సముద్రం కనబడే ఏదైనా మెట్ట మీదికి వెళ్ళారనుకోండి. నీళ్ళ మీద దీపాలు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి ఒడ్డుకు దగ్గరగా వల వేస్తున్న పడవది కావచ్చు. దాని పక్కనే ఉన్నట్టు తోచేది ఎన్నో మైళ్ళ అవతల పోతున్న పెద్ద ఓడది కావచ్చు. మరొకటి ఇంకో దీవి మీది దీపస్తంభానిది కావచ్చు. మీ కంటికి మాత్రం మూడూ ఒకే వరసలోని చుక్కలు. "ఈ రాత్రి రేవులో ఎన్ని పడవలున్నాయి?" అని ఎవరైనా అడిగితే, కనబడిన దీపాలన్నీ లెక్కపెట్టి జవాబు చెప్పవచ్చా? చెప్పకూడదు. ఏ దీపం రేవులోదో, ఏది దాని వెనక ఎక్కడో ఉన్నదో ముందు తేల్చుకోవాలి.

ఖగోళ శాస్త్రజ్ఞులకు కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది. మనకు దగ్గరలో ఉన్న పెద్ద సర్పిలాకార గెలాక్సీ ఆండ్రోమెడా. దీనిని ఎం31 అని కూడా అంటారు. మన దేశంలో కొందరు దేవయాని అని పిలుస్తారు. ఈ గెలాక్సీ వైపు రేడియో టెలిస్కోపును తిప్పితే వందల కొద్దీ రేడియో చుక్కలు కనిపిస్తాయి. వాటికి పటం గీయడం ఒక పని. వాటిని వరసగా జాబితాలో రాయడం రెండో పని. "ఇందులో ఆండ్రోమెడావి ఏవి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం మూడో పని. మూడింటిలోనూ ఇదే కష్టమైనది. ఈ పాఠంలో ఈ మూడు పనులు ఎలా జరుగుతాయో తెలుసుకుందాం.

18.1 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– రేడియో జనకం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
– టెలిస్కోపు పరిమాణానికీ, పటంలోని స్పష్టతకూ ఉన్న సంబంధాన్ని లెక్క కట్టగలుగుతారు.
– జాబితాలో ఏ వివరాలు రాస్తారో, ఎందుకు రాస్తారో వివరించగలుగుతారు.
– గెలాక్సీకి చెందిన జనకాలను, దాని వెనక ఉన్న జనకాలను వేరుచేసే పద్ధతులను పేర్కొనగలుగుతారు.

18.2 ఆండ్రోమెడాను మీరే చూడండి

ఈ గెలాక్సీని చూడటానికి టెలిస్కోపు అవసరం లేదు. వానలు తగ్గి ఆకాశం తేటపడ్డాక, డిసెంబరు రెండో సగంలో చంద్రుడు లేని ఒక రాత్రిని ఎంచుకోండి. వీధి దీపాలకు దూరంగా నిలబడి, ఏడు గంటల ప్రాంతంలో పైకి చూడండి. నడినెత్తికి కొంచెం పడమటగా నాలుగు నక్షత్రాలతో ఏర్పడిన పెద్ద చతురస్రం కనిపిస్తుంది. పంచాంగంలో మీరు వినే పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర అనే పేర్లు ఈ నాలుగింటివే. దిగువ జంట పూర్వాభాద్ర, ఎగువ జంట ఉత్తరాభాద్ర.

ఉత్తరాభాద్ర జంటలో ఉత్తరాన ఉన్న నక్షత్రం దగ్గర మొదలుపెట్టండి. అక్కడి నుంచి చతురస్రానికి దూరంగా, ఈశాన్యంగా వెళితే రెండు నక్షత్రాలు వస్తాయి. రెండోదాని దగ్గర వాయవ్యానికి మళ్ళండి. రెండు మసక నక్షత్రాలు దాటగానే, చిన్న మబ్బు తునకలాంటి మసక మచ్చ ఒకటి కనిపిస్తుంది. అదే ఆండ్రోమెడా గెలాక్సీ.

అది మనకు సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మీ కంటిని చేరే కాంతి 25 లక్షల సంవత్సరాల కిందట అక్కడ బయలుదేరింది. కంటికి దాని నడిమి భాగం మాత్రమే కనిపిస్తుంది. మొత్తం గెలాక్సీ ఆకాశంలో 3 డిగ్రీల పొడవు, 1 డిగ్రీ వెడల్పు ఉంటుంది. చంద్రబింబం అర డిగ్రీయే కాబట్టి, పొడవులో ఆరు చంద్రబింబాలకు సమానం.

మన గెలాక్సీ పాలపుంతే కదా, దాన్ని వదిలి అంత దూరాన ఉన్నదానికి పటం ఎందుకు? దీనికి కారణం ఉంది. మన ఊరి పటం మన ఇంటి వాకిట్లో నిలబడి గీయలేం. ఎదురింటి గోడ అడ్డం వస్తుంది; ఏ ఇల్లు ఎంత దూరమో తెలియదు. ఎదుటి కొండ ఎక్కి చూస్తే ఊరంతా ఒక్కసారిగా కనబడుతుంది. మనం పాలపుంత లోపల ఉన్నాం. ఆండ్రోమెడాను బయటి నుంచి చూస్తున్నాం. అందులోని వస్తువులన్నీ మనకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. అందువల్ల అక్కడ ఒక జనకం మరొకదానికంటే రెండింతలు బలంగా కనబడితే, అది నిజంగానే రెండింతలు శక్తి వెదజల్లుతున్నదని అర్థం. పాలపుంతలో ఇంత సులువుగా చెప్పలేం.

18.3 రేడియో జనకం అంటే ఏమిటి?

కాంతి, రేడియో తరంగాలు రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. శూన్యంలో రెండింటి వేగమూ సెకనుకు 30 కోట్ల మీటర్లు. తేడా అంతా తరంగదైర్ఘ్యంలో ఉంది. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి:

వేగం = తరంగదైర్ఘ్యం × పౌనఃపున్యం

మీ ఎఫ్.ఎం. రేడియోలో ముల్లు 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటే, పౌనఃపున్యం 10 కోట్ల హెర్ట్జ్. 30 కోట్లను 10 కోట్లతో భాగిస్తే 3 మీటర్లు. అదే ఆ తరంగదైర్ఘ్యం.

ఆకాశం నుంచి కూడా రేడియో తరంగాలు వస్తున్నాయని అమెరికా ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ 1933లో ప్రకటించాడు. రేడియో తరంగాలను గుర్తించదగినంతగా వెలువరించే ఆకాశ వస్తువును రేడియో జనకం అంటారు. జనకం నుంచి మనకు చేరే బలాన్ని కొలిచే ప్రమాణానికి ఆయన పేరు మీదనే 'జాన్‌స్కీ' అని పేరు పెట్టారు. ఇది చాలా చిన్న ప్రమాణం. అయినా ఆండ్రోమెడాలోని జనకాలకు ఇది కూడా పెద్దదే. అందుకని జాన్‌స్కీలో వెయ్యో వంతైన మిల్లీజాన్‌స్కీని వాడతారు.

సర్పిలాకార గెలాక్సీలలో ముఖ్యంగా రెండు రకాల జనకాలుంటాయి.

(అ) వేడి వాయు మేఘాలు: కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు చుట్టూ ఉన్న హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఈ ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల పక్కగా పోతూ దారి మళ్ళినప్పుడు రేడియో తరంగాలు వెలువడతాయి. ఇవి నక్షత్రాలు పుడుతున్న చోట్లు. వీటి బలం అన్ని పౌనఃపున్యాల వద్దా ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

(ఆ) సూపర్నోవా అవశేషాలు: భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలిన వాయువు గుల్లలా వ్యాకోచిస్తుంది. అందులో కాంతివేగానికి దగ్గరి వేగంతో పోయే ఎలక్ట్రాన్లు అయస్కాంత బలరేఖల చుట్టూ తిరుగుతూ రేడియో తరంగాలు వెలువరిస్తాయి. ఇవి నక్షత్రాలు చనిపోయిన చోట్లు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ వీటి బలం బాగా తగ్గిపోతుంది.

గెలాక్సీలోని ధూళి కాంతిని అడ్డుకుంటుంది కానీ రేడియో తరంగాలను అడ్డుకోలేదు. కాబట్టి ధూళి చాటున పుట్టినవీ చనిపోయినవీ కూడా రేడియో పటంలో కనిపిస్తాయి.

పాఠ్యాంశ ప్రశ్నలు 18.1
1. 150 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల తరంగాల తరంగదైర్ఘ్యం ఎంత?
2. పౌనఃపున్యం పెరిగినా బలం పెద్దగా తగ్గని జనకం ఏ రకానిది?
3. ఆండ్రోమెడాలోని జనకాల నిజమైన శక్తిని పోల్చడం ఎందుకు సులభం?

18.4 పటం గీయడం

పటంలో పక్కపక్కన ఉన్న రెండు జనకాలు విడివిడిగా కనబడాలి. అలా విడదీయగల శక్తిని పృథక్కరణ సామర్థ్యం అంటారు. టెలిస్కోపు విడదీయగల అతి చిన్న కోణం సుమారుగా ఇలా వస్తుంది:

కోణం (డిగ్రీలలో) = 57.3 × తరంగదైర్ఘ్యం ÷ టెలిస్కోపు వెడల్పు

ఈ కోణం ఎంత చిన్నదైతే పటం అంత స్పష్టంగా ఉంటుంది.

మాదిరి లెక్క 1: ఆండ్రోమెడా రేడియో తరంగాలను 1950లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్‌లో హాన్బరీ బ్రౌన్, సిరిల్ హజార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గుర్తించారు. వారి టెలిస్కోపు వెడల్పు 66 మీటర్లు. తరంగదైర్ఘ్యం సుమారు 1.9 మీటర్లు. వారు విడదీయగలిగిన కోణం ఎంత?

సాధన: 57.3 × 1.9 ÷ 66 = 1.65 డిగ్రీలు (సుమారుగా).

గెలాక్సీ వెడల్పే 1 డిగ్రీ. అంటే వారి పటంలో ఆండ్రోమెడా అంతా ఒక్క మసక మచ్చ. లోపలి వివరం ఏదీ తెలియదు. అయినా అది గొప్ప ఫలితమే. పాలపుంతలాంటి మరో సర్పిలాకార గెలాక్సీ కూడా రేడియో తరంగాలను పంపుతున్నదని దానివల్ల తేలింది.

వివరం కావాలంటే టెలిస్కోపు వెడల్పు పెంచాలి. కిలోమీటర్ల వెడల్పున్న ఒకే పళ్ళెం కట్టడం సాధ్యం కాదు. దీనికి ఒక ఉపాయం ఉంది. దూరదూరంగా అనేక యాంటెన్నాలను నిలిపి, ప్రతి జంట నుంచీ వచ్చే సంకేతాలను కలిపి గణిస్తారు. అప్పుడు వాటి మధ్య దూరమే టెలిస్కోపు వెడల్పులా పనిచేస్తుంది. ఇటువంటి అమరికను వ్యతికరణమాపకం అంటారు. ఈ పద్ధతిని అభివృద్ధి చేసిన ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మార్టిన్ రైల్‌కు 1974లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

మన దేశంలో ఇటువంటిది పుణె నగరానికి ఉత్తరాన ఖోడద్ అనే ఊరి దగ్గర ఉంది. దాని పేరు జీఎంఆర్‌టీ. ప్రొఫెసర్ గోవింద్ స్వరూప్ ఆధ్వర్యంలో టాటా మౌలిక పరిశోధన సంస్థ దీనిని నిర్మించింది. ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు గల 30 యాంటెన్నాలు సుమారు 25 కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నాయి. 30 యాంటెన్నాలతో ఏర్పడే జంటలు 30 × 29 ÷ 2 = 435. ఈ టెలిస్కోపుతో 333 మెగాహెర్ట్జ్ వద్ద ఎం83, ఎన్‌జీసీ 6946 వంటి దగ్గరి సర్పిలాకార గెలాక్సీల పటాలు గీసి, వాటిలోని అయస్కాంత క్షేత్రాలను మన శాస్త్రజ్ఞులు పరిశీలించారు. ఆ ఫలితాలు 2012, 2013లలో ప్రచురితమయ్యాయి.

మాదిరి లెక్క 2: 25 కిలోమీటర్ల (25,000 మీటర్ల) విస్తీర్ణంతో, 0.21 మీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద విడదీయగల కోణం ఎంత?

సాధన: 57.3 × 0.21 ÷ 25,000 = 0.00048 డిగ్రీలు. డిగ్రీలో 3600వ వంతు కోణీయ సెకను. కాబట్టి 0.00048 × 3600 = 1.7 కోణీయ సెకన్లు (సుమారుగా).

ఆండ్రోమెడా దూరంలో ఈ కోణం దాదాపు 21 కాంతి సంవత్సరాల పొడవుకు సమానం. సూపర్నోవా అవశేషాల వెడల్పు పదుల కాంతి సంవత్సరాలు ఉంటుంది. అంటే ఇంత స్పష్టత ఉంటే అవి చుక్కలుగా కాక, ఆకారం గల వస్తువులుగా కనబడటం మొదలవుతుంది.

18.5 జాబితా రాయడం

పటం చూడటానికి బాగుంటుంది. కానీ పదేళ్ళ తరువాత మరొకరు సరిపోల్చి చూడాలంటే జాబితా కావాలి. జాబితాలో ప్రతి జనకానికి ఒక వరస ఉంటుంది. అందులో సాధారణంగా ఈ వివరాలు ఉంటాయి: వరస సంఖ్య, ఆకాశంలో స్థానం (విషువాంశ, క్రాంతి), బలం, ఆ కొలతలో ఉండగల పొరపాటు, పరిమాణం, గుర్తింపు. భూమి మీద ఒక ఊరికి రేఖాంశం, అక్షాంశం ఎలాంటివో ఆకాశంలో ఒక వస్తువుకు విషువాంశ, క్రాంతి అలాంటివి.

ఆకాశాన్ని జాబితాగా రాయడం తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాదులో నవాబు జాఫర్ జంగ్ 1901లో ప్రారంభించిన నిజామియా వేధశాల, ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల జాబితా తయారుచేసే అంతర్జాతీయ పథకంలో పాల్గొన్నది. 1887లో పారిస్‌లో మొదలైన ఈ పథకంలో ఒక్కొక్క వేధశాలకు ఆకాశంలో ఒక్కొక్క పట్టీని కేటాయించారు. హైదరాబాదు 1914లో పని మొదలుపెట్టింది. మొదట పూర్తి చేసింది దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల క్రాంతి వరకు ఉన్న పట్టీ. తరువాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల వరకు ఉన్న పట్టీని కూడా తీసుకున్నది. ఏడు లక్షలకు పైగా నక్షత్ర స్థానాలను ఫోటో పలకల మీద కొలిచి, 12 సంపుటాలుగా ప్రచురించింది. కంప్యూటర్లు లేని రోజులవి. ఆండ్రోమెడా క్రాంతి ఉత్తరాన 41 డిగ్రీలు. హైదరాబాదు పట్టీకి రెండే డిగ్రీల అవతల. ఆ పని కాంతితో జరిగింది, మనం చెప్పుకొనే పని రేడియోతో జరుగుతుంది. పద్ధతి మాత్రం ఒకటే. ఏది కనిపించిందో, ఎక్కడ కనిపించిందో, ఎంత నమ్మకంతో చెబుతున్నామో వరసగా రాయాలి.

నమ్మకం మాట ఎందుకు వచ్చిందో చూద్దాం. రేడియో సెట్టులో స్టేషనుకు స్టేషనుకు మధ్య గరగరమనే రొద వినబడుతుంది కదా. రేడియో పటంలో కూడా అలాంటి రొద ఉంటుంది. రొద ఒక్కోచోట పైకి లేచి జనకంలా భ్రమ కలిగిస్తుంది. అందుకని ఒక హద్దు పెట్టుకుంటారు. సాధారణంగా రొద ప్రమాణానికి 5 రెట్లు దాటితేనే జనకంగా రాస్తారు. 3 రెట్లు చాలదా? పటంలో 10 లక్షల చోట్లు ఉన్నాయనుకోండి. కేవలం రొద వల్లనే 3 రెట్లు దాటే చోట్లు దాదాపు 1350 ఉంటాయి. 5 రెట్లు దాటేది ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. హద్దు తగ్గిస్తే జాబితా పొడుగవుతుంది, దానితోపాటు లేనివి ఉన్నట్టుగా చేరతాయి. హద్దు పెంచితే నిజంగా ఉన్న బలహీన జనకాలు జారిపోతాయి. ఈ రెండింటిలో ఏది ఎంత భరించాలో జాబితా తయారుచేసేవారు ముందే నిర్ణయించి, పాఠకులకు చెప్పాలి.

పాఠ్యాంశ ప్రశ్నలు 18.2
1. 27 యాంటెన్నాలు గల వ్యతికరణమాపకంలో ఎన్ని జంటలు ఏర్పడతాయి?
2. ఆకాశంలో ఒక జనకం స్థానాన్ని తెలిపే రెండు అంకెల పేర్లు ఏమిటి?
3. జాబితాలో చేర్చడానికి హద్దును మరీ తగ్గిస్తే వచ్చే నష్టం ఏమిటి?

18.6 ఏది అక్కడిది, ఏది వెనకది?

ఇప్పుడు మొదట చెప్పుకున్న దీపాల దగ్గరికి తిరిగి వద్దాం. జాబితా చేతికి వచ్చింది. అందులోని జనకాలన్నీ ఆండ్రోమెడా దిక్కున ఉన్నాయి. అవన్నీ ఆండ్రోమెడావేనా?

మాదిరి లెక్క 3: జీఎంఆర్‌టీతో 2010 నుంచి 2012 వరకు 150 మెగాహెర్ట్జ్ వద్ద ఆకాశంలో దాదాపు 90 శాతాన్ని పరిశీలించారు. ఆ పరిశీలనల ఆధారంగా కొన్నేళ్ళ తరువాత వెలువడిన ఒక జాబితాలో 36,900 చదరపు డిగ్రీలలో సుమారు 6,23,600 జనకాలున్నాయి. ఆండ్రోమెడా ఆకాశంలో ఆక్రమించే వైశాల్యం దాదాపు 2.4 చదరపు డిగ్రీలు. గెలాక్సీ అక్కడ లేకపోయినా, ఆ జాగాలో ఎన్ని జనకాలు కనబడేవి?

సాధన: ఒక చదరపు డిగ్రీకి 6,23,600 ÷ 36,900 = 16.9. కాబట్టి 2.4 చదరపు డిగ్రీలకు 16.9 × 2.4 = 40 (సుమారుగా).

ఈ ఫలితాన్ని కాసేపు ఆలోచించండి. ఆండ్రోమెడా అసలు లేకపోయినా అక్కడ 40 చుక్కలు కనబడేవి! అవన్నీ కోట్ల కాంతి సంవత్సరాల ఆవల ఉన్న గెలాక్సీలు, క్వాజార్లు. మరింత సున్నితమైన టెలిస్కోపుతో చూస్తే ఇంకా బలహీనమైనవి కనబడతాయి. వెనకవాటి సంఖ్య వందలకు చేరుతుంది. హాడ్డో రేవులో ఓడ దిగిన ప్రతివారూ దీవుల్లో కాపురం ఉండేవారు కానట్టే, ఆండ్రోమెడా దిక్కున కనబడిన ప్రతి జనకమూ ఆండ్రోమెడాది కాదు.

వేరుచేయడానికి వాడే పద్ధతులు ఇవి:

1. రెండు పౌనఃపున్యాల వద్ద బలాన్ని పోల్చడం: బలం తగ్గని జనకమైతే అది వేడి వాయు మేఘం కావచ్చు. బలం బాగా తగ్గితే సూపర్నోవా అవశేషం కావచ్చు. కానీ వెనకనున్న గెలాక్సీల బలం కూడా ఇంచుమించు ఇలాగే తగ్గుతుంది. కాబట్టి ఈ పద్ధతి ఒక్కటే చాలదు.

2. కాంతి ఫోటోలతో సరిపోల్చడం: అదే చోట హైడ్రోజన్ ఎర్రని కాంతి ఉంటే వేడి వాయు మేఘమని అనుకోవచ్చు. హైడ్రోజన్ కాంతితో పోలిస్తే గంధకపు కాంతి ఎక్కువగా ఉంటే సూపర్నోవా అవశేషమని అనుకోవచ్చు.

3. ఆకారం: గుల్లలా కనబడితే అవశేషం. రెండు బొట్లు జంటగా, మధ్యలో చుక్కతో కనబడితే చాలావరకు దూరపు రేడియో గెలాక్సీ.

4. హైడ్రోజన్ శోషణ: వెనక నుంచి వచ్చే రేడియో తరంగాలు ఆండ్రోమెడాలోని చల్లని హైడ్రోజన్ గుండా రావాలి. ఆ హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల దగ్గర కొంత మింగేస్తుంది. తెర వెనక దీపం ఉన్నదీ లేనిదీ తెర నీడనుబట్టి తెలిసినట్టే ఇది.

ఇవన్నీ చేసినా కొన్ని జనకాలు ఏవో తేలవు. అటువంటి వాటికి ఎదురుగా "గుర్తింపు లేదు" అని రాస్తారు. అది అసమర్థత కాదు, నిజాయితీ. ఊహించి రాసిన గుర్తింపు ఆ తరువాతి వారందరినీ తప్పుదారి పట్టిస్తుంది. ఖాళీగా వదిలిన గడిని మంచి టెలిస్కోపు వచ్చినప్పుడు ఎవరో ఒకరు నింపుతారు.

18.7 మారుతూ వచ్చిన లెక్క

1950లో ఒక మచ్చగా కనబడిన ఆండ్రోమెడా జాబితా తరువాత ఎలా పెరిగిందో చూడండి. హాలండులోని వెస్టర్‌బోర్క్ టెలిస్కోపు 1970లో పని మొదలుపెట్టింది. దానితో 1980లలో వివరమైన జాబితాలు వచ్చాయి. అమెరికాలో 27 యాంటెన్నాలతో ఉన్న వీఎల్‌ఏ అనే టెలిస్కోపుతో 1990లో వెలువడిన జాబితాలో 534 జనకాలున్నాయి. అదే టెలిస్కోపుతో 325 మెగాహెర్ట్జ్ వద్ద తయారై 2004లో వచ్చిన జాబితాలో 405 ఉన్నాయి. 1400 మెగాహెర్ట్జ్ వద్ద పాత పరిశీలనలను మళ్ళీ కలిపి 2014లో ప్రచురించిన జాబితాలో 916 ఉన్నాయి.

534 తరువాత 405 ఎలా వచ్చింది? గెలాక్సీలో జనకాలు తగ్గాయా? లేదు. పౌనఃపున్యం వేరు, రొద వేరు, చూసిన వైశాల్యం వేరు. జాబితాలోని సంఖ్య గెలాక్సీ గురించి ఎంత చెబుతుందో, చూసిన పరికరం గురించి కూడా అంతే చెబుతుంది. ఏ లెక్కను చూసినా "ఎలా లెక్కపెట్టారు?" అని అడగడం మరవకండి.

పొరుగున ఉన్న మరో సర్పిలాకార గెలాక్సీ ఎం33లో ఈ పని బాగా సాగింది. అది ఆండ్రోమెడాకంటే ఎక్కువగా మనవైపు ముఖం తిప్పి ఉంటుంది కనుక పరిశీలనకు అనుకూలం. 1999లో ప్రచురితమైన దాని జాబితాలో 186 రేడియో జనకాలున్నాయి. వాటిలో 53 సూపర్నోవా అవశేషాలని కాంతి ఫోటోలతో సరిపోల్చి తేల్చారు.

ఈ లెక్క తప్పితే ఏమవుతుంది? అవశేషాల సంఖ్యనుబట్టి ఒక గెలాక్సీలో ఎన్ని సంవత్సరాలకు ఒక నక్షత్రం పేలుతున్నదో అంచనా వేస్తారు. మన ఎముకల్లోని కాల్షియం, రక్తంలోని ఇనుము పూర్వం నక్షత్రాలలో, వాటి పేలుళ్ళలో తయారైనవే. వెనకనున్న గెలాక్సీలను అవశేషాలుగా పొరబడి లెక్కపెడితే పేలుళ్ళు ఎక్కువగా తేలుతాయి. ఆ తప్పు, మూలకాలు ఎంత వేగంగా తయారవుతున్నాయన్న లెక్కలోకి కూడా పాకుతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. 1885 ఆగస్టులో ఆండ్రోమెడా నడిమి భాగానికి దగ్గరగా ఒక నక్షత్రం పేలింది. అప్పటి ఖగోళ పరిశీలకులు దానిని టెలిస్కోపులలో చూశారు. అక్కడ పేలుడు జరిగిందనడంలో సందేహం లేదు. అయినా ఆ చోట రేడియోలో వెదికి 2019లో ప్రచురించిన సున్నితమైన పరిశీలనలో కూడా జనకమేదీ నిర్ధారణగా దొరకలేదు. అంటే జాబితాలో ఉన్నవన్నీ ఆండ్రోమెడావి కావు. ఆండ్రోమెడాలో ఉన్నవన్నీ జాబితాలో లేవు. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుంచుకున్నవారే జాబితాను సరిగ్గా వాడగలరు.

18.8 సారాంశం

– రేడియో తరంగాలను గుర్తించదగినంతగా వెలువరించే ఆకాశ వస్తువును రేడియో జనకం అంటారు.
– నక్షత్రాలు పుట్టే వేడి వాయు మేఘాలు, నక్షత్రాలు పేలగా మిగిలిన అవశేషాలు సర్పిలాకార గెలాక్సీలలోని ముఖ్య జనకాలు.
– టెలిస్కోపు వెడల్పు పెరిగేకొద్దీ పటం స్పష్టమవుతుంది. దూరంగా నిలిపిన యాంటెన్నాల జంటలతో ఈ వెడల్పును సాధిస్తారు.
– రొదకు 5 రెట్లు దాటిన వాటినే సాధారణంగా జాబితాలో చేరుస్తారు.
– గెలాక్సీ దిక్కున కనబడే జనకాలలో చాలా భాగం దాని వెనక ఎంతో దూరంలో ఉన్నవి. ఒకటికంటే ఎక్కువ ఆధారాలతో వీటిని వేరుచేయాలి.
– తేలని వాటిని తేలలేదని రాయడం జాబితా నియమాలలో ముఖ్యమైనది.

18.9 పాఠాంత ప్రశ్నలు

1. వ్యతికరణమాపకం అంటే ఏమిటి? దాని అవసరం ఎందుకు వచ్చింది?
2. బలాన్ని రెండు పౌనఃపున్యాల వద్ద పోల్చడం ఒక్కటే ఎందుకు చాలదు?
3. కింద నాలుగు జనకాల వివరాలు అభ్యాసం కోసం ఊహించి ఇచ్చాం. బలాలు మిల్లీజాన్‌స్కీలలో ఉన్నాయి. ఒక్కొక్కటి ఏ రకానిదో కారణంతో రాయండి.
జనకం 1: 325 మెగాహెర్ట్జ్ వద్ద 10.0, 1400 వద్ద 8.6, అదే చోట హైడ్రోజన్ ఎర్రని కాంతి ఉంది.
జనకం 2: 325 వద్ద 10.0, 1400 వద్ద 3.6; గుల్ల ఆకారం; గంధకపు కాంతి ఎక్కువ.
జనకం 3: 325 వద్ద 10.0, 1400 వద్ద 3.6, జంట బొట్లు, మధ్యలో చుక్క, ఫోటోలో వాయువు జాడ లేదు.
జనకం 4: 325 వద్ద 10.0, 1400 వద్ద 3.6, ఒక్క చుక్క, ఫోటోలో ఏమీ లేదు.
4. చేసి చూడండి: ఒక రాత్రి సముద్రం మీద గానీ, ఎదుటి కొండ మీద గానీ కనబడే దీపాలకు జాబితా రాయండి. ప్రతి దీపానికి దిక్కు, బలం (ఎక్కువ, మధ్యరకం, తక్కువ), రంగు, కదలిక రాసి, అది దేనిదో ఊహించండి. తేలని వాటికి "గుర్తింపు లేదు" అని రాయండి. మరునాడు పగటి వెలుగులో సరిచూసుకోండి. ఎన్ని తప్పాయి?

18.10 పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

18.1: 1. 30 కోట్లు ÷ 15 కోట్లు = 2 మీటర్లు. 2. వేడి వాయు మేఘం. 3. అవన్నీ మనకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి కాబట్టి.

18.2: 1. 27 × 26 ÷ 2 = 351. 2. విషువాంశ, క్రాంతి. 3. రొద వల్ల ఏర్పడిన, నిజంగా లేని జనకాలు జాబితాలో చేరతాయి.

పాఠాంత ప్రశ్న 3కు సూచన: జనకం 1 వేడి వాయు మేఘం, జనకం 2 సూపర్నోవా అవశేషం, జనకం 3 వెనకనున్న రేడియో గెలాక్సీ కావచ్చు. జనకం 4కు మీరు "గుర్తింపు లేదు" అని రాసి ఉంటే, ఈ పాఠం మీకు బాగా అర్థమైనట్టే.